ఒక్క పూట కోజుమెల్‌కు నాలుగేళ్ల అప్పా?

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం, నాది హెచ్‌1బీ. డిసెంబరులో టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి క్రూజ్ బుక్ చేశాం. ఇద్దరు పిల్లలతో పాటు ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలూ వస్తున్నారు. మెక్సికో ద్వీపం కోజుమెల్‌లో ఆగే రోజు స్కూబా, బగ్గీ రైడ్, బీచ్ క్లబ్ కలిపి 1,200 డాలర్లు అవుతోంది. కార్డు మీద పెట్టి నెమ్మదిగా తీర్చేద్దామనుకుంటున్నాం. సేవింగ్స్‌లో 3,000 డాలర్లున్నాయి. ఫర్వాలేదా?

జవాబు: ఫర్వా ఉందండీ. టికెట్ చవగ్గా దొరికిందని ఓడెక్కడం, ఆగిన ప్రతి రేవులోనూ కార్డు గీకడం చాలామంది చేస్తున్న పొరపాటే. కార్డు వడ్డీ ఏడాదికి 24 శాతం అనుకుందాం. నెలకు 40 డాలర్లు కడుతూ పోతే ఈ 1,200 తీరడానికి దాదాపు నాలుగేళ్లు పడుతుంది, వడ్డీయే 650 డాలర్ల దాకా అవుతుంది. నాలుగు గంటల సరదాకి!

అసలు నా టెన్షన్ ఆ 3,000 గురించి. హెచ్‌1బీ మీద ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికో దేశం వదలడానికో మీ చేతిలో ఉండేది మహా అయితే 60 రోజులు. ఆ రెండు నెలల అద్దె, కారు ఈఎంఐ, అవసరమైతే అందరికీ ఇండియా టికెట్లు, వీటికి 3,000 ఏ మూలకి? ఆరు నెలల ఖర్చు బ్యాంకులో పడేదాకా సరదా కోసం అప్పు మాటే వద్దు.

ఇన్సూరెన్స్ సంగతి మీరు రాయనే లేదు. పెద్దవాళ్లకు తీసుకున్న విజిటర్ పాలసీ ఓడలో, మెక్సికోలో పనిచేస్తుందా? బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులకు వర్తిస్తుందా? స్కూబా, బగ్గీ ప్రమాదాలను మినహాయించే పాలసీలు చాలా ఉన్నాయి, ఆ పేజీ చదవండి. ఓడలో డాక్టరు చూస్తే బిల్లు నేరుగా మీ గది ఖాతాలో పడుతుంది. ఎయిర్ అంబులెన్స్‌లో అమెరికా తేవాల్సి వస్తే పదుల వేల డాలర్ల మాట.

ఇక కోజుమెల్ అంటారా, అక్కడి ఊరు శాన్ మిగెల్‌లో సముద్రపు ఒడ్డున నడకకు పైసా ఖర్చు లేదు. పెద్దవాళ్లను టాక్సీలో శాన్ గెర్వాసియో మాయా శిథిలాలకు తీసుకెళ్లొచ్చు. పిల్లల కోసం ఒక్కదానికి డబ్బు పెట్టాలంటే ఎల్ సియెలో అనే చోటికి స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటి పైనే ఈదడం) పడవ చాలు. లోతు తక్కువ, తెల్లటి ఇసుక మీద స్టార్‌ఫిష్‌లు కనిపిస్తాయి, ముట్టుకోనివ్వకండి. ఓడవాళ్లది కాకుండా బయటి టూర్ తీసుకుంటే, తిరిగి రావడం ఆలస్యమైతే మీ కోసం ఓడ ఆగదు. పైగా డిసెంబరులో అక్కడి గడియారం టెక్సస్ కన్నా గంట ముందుంటుంది, ఓడ టైమే చూసుకోండి.

స్కూబా, బగ్గీ రద్దు చేసుకోవడానికి ఆఖరి తేదీ ఎప్పుడో ఇవాళే చూడండి.