పాత పాటల ముచ్చట: గొంతు ఒక్కలది, పాట ఎందరిది?

ఈ నెల ఉత్తరాలు మస్తు వచ్చినయ్, సగం వాట్సాప్‌ల, సగం ఇన్‌లాండ్ లెటర్ల మీద, ఇంకా ఇన్‌లాండ్ మీద రాశేటోళ్ళు ఉన్నరంటే నాకు పండుగే. అందరు అడిగేది మాత్రం ఒకటే, ఆ పాట ఎవలది అని. ఎవలది అంటే పాడినోళ్ళదా, బాణీ కట్టినోళ్ళదా, రాశినోళ్ళదా, ఎనకాల కూసోని ఫిడేలు కొట్టినోళ్ళదా? అందుకే కొన్ని జవాబులు జర పొడుగైనయ్, ఏమనుకోకుర్రి.

ప్రశ్న: సార్, నేను రైల్వేల గార్డు చేసి రిటైరైన. కాజీపేట స్టేషన్ దగ్గర చాయ్ హోటల్ల మేం నలుగురం దోస్తులం రోజు పొద్దుగాల కూసుంటం. 'బ్రహ్మచారి' సిన్మాల 'ఆజ్ కల్ తేరే మేరే ప్యార్ కే చర్చే' పాట రఫీ తోని లతనే పాడిందని నేను, కాదని మా దోస్తు. నెల రోజుల చాయ్ బిల్లు పందెం. జర తేల్చుర్రి.
(రిటైర్డ్ గార్డు, కాజీపేట)

జవాబు: కాకా, పైసలు తియ్యుర్రి. అది సుమన్ కల్యాణ్‌పుర్. 1968 సిన్మా, శంకర్-జైకిషన్ మ్యూజిక్. మీరొక్కరే కాదు, దేశంల సగం మంది గిట్లనే ఓడిపోతరు, ఎందుకంటే ఆమె గొంతు లత గొంతుకు అంత దగ్గర. గని అంతకు ముందు కొన్నేండ్లు రఫీ పక్కన సుమన్ గొంతు అన్ని పాటలల్ల ఎందుకు వినపడ్డది అనేది అసలు కథ. లత ఏమన్నదంటే, రికార్డులు అమ్ముడుపోతున్నంత కాలం సింగర్లకు గూడ రాయల్టీల వాటా రావాలె అన్నది. రఫీ ఏమన్నడంటే, పాట పాడినం, పైసలు తీస్కున్నం, అయిపోయె, ఇగ అడుగుడేంది అన్నడు. ఇద్దరికి మాట పట్టింపు వచ్చి కొన్నేండ్లు కలిసి పాడుడే బంద్. మరి డ్యూయెట్లు లేకుండ సిన్మా నడుస్తదా? అందుకని 'రాజ్‌కుమార్' (1964)ల 'తుమ్‌నే పుకారా ఔర్ హమ్ చలే ఆయే', 'జబ్ జబ్ ఫూల్ ఖిలే' (1965)ల 'నా నా కర్తే ప్యార్' అన్ని రఫీ-సుమన్ పాటలే. 1967 'జువెల్ థీఫ్' కాడికి వచ్చేసరికి రఫీ, లత మళ్ళ ఒక్క మైకు ముంగటికి వచ్చిండ్రు, ఎస్.డి. బర్మన్ పాట 'దిల్ పుకారే' అట్లాంటిదే.

రఫీ అంటే నాకు పానం, గని ఈ ఒక్క లొల్లిల న్యాయం లత దిక్కే ఉన్నదని నా లెక్క. 2012ల కాపీరైట్ చట్టం సవరించినంక గని సింగర్లకు రాయల్టీ హక్కు చట్టంలకు ఎక్కలె, అంటే ఆమె అడిగినంక దాదాపు యాభై ఏండ్లకు. ఇగ సుమన్ గారికి 2023ల పద్మభూషణ్ ఇచ్చిండ్రు. చాయ్ తాగేటప్పుడు ఆ పాట ఇంకోసారి వినుర్రి, లత అనుకోకుండ వినుర్రి.

ప్రశ్న: అన్నా, 'రామయ్యా వస్తావయ్యా' హిందీ పాటల తెలుగు మాట ఎట్ల వచ్చింది? మా హాస్టల్ల హిందీ పోరగాళ్ళు అది తెలుగే కాదు, ఊకె పెట్టిన మాట అంటున్నరు. మనోళ్ళ చెయ్యి ఇంకెక్కడన్న ఉన్నదా ఆ పాటలల్ల?
(డిగ్రీ స్టూడెంట్, హన్మకొండ)

జవాబు: తమ్మీ, నూటికి నూరు పాళ్ళు తెలుగే. 'శ్రీ 420' (1955) సిన్మా, శంకర్-జైకిషన్ జోడిల శంకర్ అంటే శంకర్‌సింగ్ రఘువంశీ, ఆయన పెరిగింది మన హైద్రాబాద్‌ల, తెలుగు మంచిగ వచ్చు. బొంబాయికి పోయి పృథ్వీ థియేటర్ అనే నాటక కంపెనీల తబలా కొట్టిండు, గుజరాత్ నుంచి వచ్చిన జైకిషన్ అక్కడ్నే హార్మోనియం, అట్ల జోడి కలిసింది. బాణీల తెలుగు మాట వచ్చి కూసుంటే శైలేంద్ర దాని చుట్టు హిందీ పాట అల్లిండు, రఫీ, లత, ముకేశ్ ముగ్గురు పాడిండ్రు. పాట చూస్తే గూడ అది బస్తీ జనం కూడి ఆడుకునే పాట, మన దిక్కు కోలాటం ఆడినట్టే ఉంటది.

ఇంకెక్కడన్న అంటే, 'చా చా చా' (1964)ల 'ఎక్ చమేలీ కే మండ్వే తలే' ఉన్నది చూడు, అది మన మఖ్దూం మొహియుద్దీన్ కవిత. అప్పటి మెదక్ జిల్లా ఆందోల్ల పుట్టినాయన, సాయుధ పోరాటంల ఉన్న కామ్రేడ్ మఖ్దూం, మల్లెపందిరి కింద ప్రేమ గురించి రాశిండు, ఇక్బాల్ ఖురేషీ బాణీ కట్టిండు, రఫీ-ఆశా పాడిండ్రు. 'ఉస్‌నే కహా థా' (1960)ల సలిల్ చౌధురి కట్టిన 'జానేవాలే సిపాహీ సే పూఛో' గూడ ఆయనదే. 'బాజార్' (1982)ల ఖయ్యాం చేసిన 'ఫిర్ ఛిడీ రాత్' సరేసరి.

మనోళ్ళు బాణీలు గూడ పంపిండ్రు తమ్మీ. 'సువర్ణసుందరి' (1957)ల ఘంటసాల, జిక్కి పాడిన 'హాయి హాయిగా ఆమని సాగె' తెలుసు గదా. అదే ఆదినారాయణరావు గారు హిందీకి గూడ మ్యూజిక్ చేస్తే అది 'కుహూ కుహూ బోలే కోయలియా' అయ్యింది, సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్ నాలుగు రాగాలు ఒక్క పాటల, లత-రఫీ గొంతుల. మీ హిందీ దోస్తులకు రెండూ పక్కపక్కకు పెట్టి వినిపియ్యి, ఏది ముందుగాల వచ్చిందో అప్పుడు చెప్పు.

ప్రశ్న: రఫీ గొప్పనా, కిశోర్ గొప్పనా? ఇంట్ల లొల్లి అయితున్నది.
(భూపాలపల్లి)

జవాబు: అన్నం గొప్పనా, పప్పు గొప్పనా?

ప్రశ్న: మా తాత పెట్టెల పాత గ్రామఫోన్ ప్లేట్లు దొరికినయ్. ఒకదాని మీద 'మహల్' అని, పాడినోళ్ళ పేరు కాడ 'కామినీ' అని ఉన్నది. లత పాట గదా అది? కామినీ ఎవరు? ప్లేట్లు మట్టి పట్టినయ్, స్పిరిట్ తోని తుడిస్తే పోతదా?
(గృహిణి, మండిబజార్, వరంగల్)

జవాబు: అమ్మా, ముందుగాల ఆ స్పిరిట్ సీసా పక్కకు పెట్టుర్రి! నిమిషానికి 78 తిరిగే ఆ పాత ప్లేట్లు లక్కతోని చేసినయ్, స్పిరిట్ తగిల్తే కరిగిపోతయ్, గీతలల్ల ఉన్న పాట అంత పోతది. మెత్తటి కుంచెతోని దుమ్ము దులిపి, మరీ ఉంటే జర తడిబట్ట, అంతే. కింద పడితే మట్టిపెంక లెక్క పలుగుతయ్, ఒకదాని మీద ఒకటి పేర్సకుండ నిలబెట్టుర్రి. తర్వాత వచ్చిన ఎల్పీ ప్లేట్లు తిప్పే మిషన్ మీద అదే ముల్లు తోని పెట్టకుర్రి, వీటి గీత వెడల్పు, ముల్లు వేరే ఉంటది.

ఇగ కామినీ అంటే సిన్మాల మధుబాల పాత్ర పేరు. 1949ల గట్లనే ఉండె, రికార్డు మీద సిన్మాల పాత్ర పేరు ఏసేటోళ్ళు, పాడినోళ్ళ పేరు లెక్కల లేదు. 'ఆయేగా ఆనేవాలా' విన్న జనం రేడియోకి ఎవరు పాడిండ్రు అని ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తే, రేడియోళ్ళు రికార్డు కంపెనీని అడిగి లత పేరు చెప్పిండ్రట. ఆ పాట మొదలు దూరం నుంచి వినపడి దగ్గరికి వస్తది చూడుర్రి, అది మిషన్ చేసిన పని కాదు, లతను స్టూడియోల మూలకు నిలబెట్టి పాడుకుంట మైకు దగ్గరికి నడిచి రమ్మన్నరు. ఆ బాణీ కట్టినాయన ఖేమ్‌చంద్ ప్రకాశ్, అంతకు ముందే 'జిద్దీ' (1948)ల కిశోర్ కుమార్ తోని పాడిపిచ్చింది గూడ ఆయనే. 'మహల్' పాటలు చేసినంక ఎక్కువ కాలం బతకలే పాపం. లత, కిశోర్ ఇద్దరికి దారి చూపినాయన పేరు ఇయ్యాల ఎందరికి ఎరుక? మీ ప్లేటు మీద ఆయన పేరు ఉన్నదేమో జర చూడుర్రి.

ప్రశ్న: నమస్తే సార్. మా నాయిన కాలం నుంచి మాది బ్యాండు మేళం, నేను క్లారినెట్ వాయిస్త. బరాత్‌ల నాగిని డాన్స్ లేకపోతే పెండ్లోళ్ళు పైసలే ఇయ్యరు. 'నాగిన్' సిన్మాల ఆ నాగసరం ఎవరు ఊదిండ్రు? ఇంకోటి, పాత పాటలల్ల అన్ని ఫిడేళ్ళు ఒక్కసారి ఎట్ల కలుస్తయ్ సార్, మా ఐదుగురికే కలుస్తలేదు.
(బ్యాండు మాస్టర్, పరకాల)

జవాబు: మాస్టరూ, ఈసారి వచ్చిన ఉత్తరాలల్ల నాకు బాగ నచ్చింది మీదే. ఎవరు ఊదిండ్రు అంటే ఎవరు ఊదలే! 'నాగిన్' (1954) మ్యూజిక్ హేమంత్ కుమార్‌ది, ఆయన దగ్గర అప్పుడు పని చేస్తున్న కల్యాణ్‌జీ క్లావియోలిన్ అనే కరెంటు కీబోర్డు మీద వేళ్ళతోని వాయించింది ఆ నాగసరం. తర్వాత ఆయననే తమ్ముడు ఆనంద్‌జీ తోని కలిసి కల్యాణ్‌జీ-ఆనంద్‌జీ అయ్యిండు. అంటే మన దిక్కు డెబ్బై ఏండ్ల సంది బరాత్‌ల నోట్ల దస్తీ పెట్టుకొని రోడ్డు మీద బొర్లేటోళ్ళంత రేడియో వాల్వుల తోని పుట్టిన చప్పుడుకు ఆడుతున్నరు.

ఫిడేళ్ళ సంగతి. మ్యూజిక్ డైరెక్టర్ హార్మోనియం ముంగట కూసోని బాణీ కడతడు, మాట తోని కలుపుతడు, అది ఆయన గొప్ప, దాంట్ల అనుమానం లేదు. గని ముప్పై నలభై మందిల ఎవరు ఏ స్వరం ఎప్పుడు వాయించాలె, పల్లవికి చరణానికి నడుమ ఏం రావాలె, సింగర్ ఊపిరి తీస్కునే జాగల ఫిడేలు ఎట్ల ఎక్కాలె అనేది కాయితం మీద రాశేటోడు ఇంకొకడు ఉంటడు, వాణ్ణి అరేంజర్ అంటరు. అప్పట్ల బొంబాయిల ఈ పనిల ఎక్కువ మంది గోవా క్రైస్తవులు, ఎందుకంటే అక్కడ చర్చి బడులల్ల చిన్నప్పటి సంది ఫిడేలు నేర్పుతరు, ఐదు గీతల మీద చుక్కలు పెట్టి రాశే నొటేషన్ చదువుడు నేర్పుతరు. మన హార్మోనియం ఉస్తాదులకు అది రాదు. ఓ.పి. నయ్యర్‌కు, శంకర్-జైకిషన్‌కు ఏండ్లకు ఏండ్లు చేసినాయన సెబాస్టియన్ డిసౌజా. మీరు శంకర్-జైకిషన్ పాట అని కండ్లు మూసుకొని గుర్తు పట్టే ఆ ఫిడేళ్ళ గుంపు ఉన్నదా, దాంట్ల సగం ఈయన చెయ్యి. తెర మీద పేరు పడితే అసిస్టెంట్ అని, లేకపోతే అది గూడ లేదు.

ఇంకొకాయన ఆంథోనీ గోన్సాల్వెస్, ఫిడేలు గురువు, ప్యారేలాల్‌కు నేర్పిండు. శిష్యుడు లక్ష్మీకాంత్-ప్యారేలాల్ అయినంక 'అమర్ అక్బర్ ఆంథోనీ' (1977)ల గురువు పేరు మీద పాటనే పెట్టిండు, 'మై నేమ్ ఈజ్ ఆంథోనీ గోన్సాల్వెస్'. అమితాబ్ గుడ్డుల నుంచి బయటికొచ్చి ఎగిరే పాట, మీరు గూడ బరాత్‌ల వంద సార్లు వాయించి ఉంటరు, గని ఆ పేరు నిజంగ ఒక మాస్టర్‌దని మీకు ఇయ్యాలనే తెలిసింది గదా?

అప్పట్ల సింగరు, తబలా, ఫిడేళ్ళు అందరు ఒక్కసారే, ఒకే ట్రాక్ మీద. ఆఖరి చరణంల ఒక్కడు తప్పితే రఫీ గూడ మళ్ళ మొదటి సంది పాడాల్సిందే. అందుకని రిహార్సల్, అందుకని కాయితం. మీ ఐదుగురికి గూడ అదే మందు, స్వరాలు తెలుగులనే స రి గ మ అని రాసుకోని రెండో క్లారినెట్టోని ముంగట పెట్టుర్రి, అంత యాది మీద నడిపితే డప్పు ఎటు పోతే అటు పోతరు.

ప్రశ్న: మా బాపు ఆజంజాహి మిల్లుల పని చేసెటోడు. ఎన్టీఆర్‌కు రఫీ తెలుగుల పాడిండు అని చెప్తుండె. మా ఆయన నమ్ముతలేడు, మీ బాపు ఊకె చెప్పిండు అంటడు. కోపం వస్తున్నది.
(కరీంనగర్)

జవాబు: చెల్లె, మీ బాపు అబద్ధం చెప్పలే. 'భలే తమ్ముడు' (1969) టి.వి. రాజు సంగీతం, 'ఎంతవారు గాని వేదాంతులైన గాని' ఎన్టీఆర్‌కు రఫీనే పాడిండు. అది హిందీ 'చైనా టౌన్' నుంచి తీసిన సిన్మా, అక్కడ షమ్మీకపూర్‌కు గూడ రఫీనే. 'అక్బర్ సలీం అనార్కలి' ఉన్నది, ఎన్టీఆరే డైరెక్ట్ చేసిండు, హిందీ 'అనార్కలి' (1953)కి మ్యూజిక్ చేసిన సి. రామచంద్రనే పిలిపించుకొని చేయించిండు, సుశీల తోని రఫీ 'సిపాయీ ఓ సిపాయీ' పాడిండు, రాశింది ఎవరనుకున్నరు, అప్పటి మీ కరీంనగర్ జిల్లా హనుమాజీపేటల పుట్టిన సినారె.

ఉచ్చారణ అంటరా, అక్కడక్కడ హిందీ వాసన వస్తది, దాచుడెందుకు. మా ఇంట్ల తెలుగు పంతులు చెవులు మూసుకునెటోడు, నేను మాత్రం గట్టిగ పెట్టెటోణ్ణి. 'ఆరాధన' (1976)ల 'నా మది నిన్ను పిలిచింది గానమై' వినుర్రి, సాలూరి హనుమంతరావు గారి సంగీతం, హిందీ 'గీత్' (1970)ల రఫీ పాడిన బాణీనే మళ్ళ తెలుగుల రఫీనే పాడిండు. 'పిలిచింది' అనే కాడ ఆ మనిషి గొంతు ఎట్ల వంగుతదో మీ ఆయనకు వినిపియ్యుర్రి. ఫస్ట్ 'భలే తమ్ముడు' పెట్టుర్రి, నమ్ముతడు. తర్వాత ఇది పెట్టుర్రి, పెట్టినంక ఆయన ఏమన్నడో మాత్రం నాకు తప్పకుండ రాయుర్రి.