ఇంటికొచ్చాక మా ఆయన ఫోన్లోనే ఉంటున్నారు

ప్రశ్న: మాది తిరుపతి. మావారు శ్రీసిటీలో పనిచేస్తారు. రాత్రి 8కి కంపెనీ బస్సు దిగింది మొదలు 12:30 దాకా రీల్సే. ఏం చెప్పినా ‘ఊఁ’ అంటారు, మర్నాడు ‘ఎప్పుడు చెప్పావ్?’ అంటారు. అనుమానంతో ఫోన్ చూశాను, ఏమీ లేదు. దాచిపెడితే పెద్ద గొడవైంది. నాలుగేళ్ల బాబు కూడా ఫోన్ పెడితేగానీ తినడు. నామీద ఇష్టం పోయిందా?

జవాబు: మీరు రాసినదాంట్లో ఇష్టం పోయిన జాడ లేదమ్మా. ‘ఎప్పుడు చెప్పావ్’ అనడమూ చాలావరకు నటన కాదు. కళ్లూ మనసూ వీడియోలో ఉన్నప్పుడు చెవిన పడ్డ మాట గుర్తుండదు. పది చెత్త వీడియోల తర్వాత ఒకటి నచ్చుతుంది, అది ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టే వేలు ఆగదు. అలసిన మనిషికి ఆపుకోవడం మరీ కష్టం. ముఖ్యమైన మాటుంటే పేరో వరసో పెట్టి పిలిచి, తల ఎత్తాకే చెప్పండి.

కొండమీద దర్శనానికి ఇదే మనిషి ఫోన్ కౌంటర్లో ఇచ్చేసి గంటలకొద్దీ క్యూలో ఉంటారు కదా! అక్కడ నియమం అందరికీ ఒకటే, ఫోన్‌కొక చోటుంది, తిరిగి చేతికొస్తుందని తెలుసు. దాచిపెట్టినప్పుడు ఈ మూడూ లేవు, అందుకే కోపం.

ఆదివారం పగటిపూట కూర్చుని మాట్లాడండి. ఇంటికొచ్చిన మొదటి అరగంట ఆయనకు వదిలేయండి, ఫోన్ చూసుకున్నా సరే. 9 నుంచి 10 దాకా మాత్రం ఇద్దరి ఫోన్లూ హాల్లో ఛార్జింగ్‌లో ఉండాలి. అవును, మీదీ. రింగు పెట్టి ఉంచితే డ్యూటీ కాల్ తప్పిపోదు. రాత్రికి కూడా ఛార్జర్ పడకగదిలోకి రాకూడదు. అలారం కోసమంటారు, ఒక టైంపీసు కొనండి. చాలా ఇళ్లలో ఏర్పాటంతా బెడిసికొట్టేది ఈ ఛార్జర్ దగ్గరే.

ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ ఉంటుంది. ఒక వారం ఏమీ మార్చకుండా, రోజుకు ఎంతసేపు చూస్తున్నారో ఆయన్నే చూసుకోమనండి. యాప్ టైమర్ కూడా ఆయన చేత్తోనే పెట్టుకోవాలి. 3 గంటల్ని ఒక్కసారే అరగంట చేస్తే రెండోరోజే టైమర్ తీసేస్తారు. వారానికి 20 నిమిషాల చొప్పున తగ్గించడం మేలు. యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ ఆపి, పాతది చెరిపేస్తే హోమ్‌లో సిఫారసు వీడియోలు రావు, కావలసింది వెతుక్కోవాల్సిందే.

బాబు విషయం ఇంతకన్నా తొందర. 2 నుంచి 4 ఏళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పైగా తెర చూస్తూ తినే పిల్లాడికి కడుపు నిండిన సంగతి తెలియదు. ఫోన్ ఆపిన మొదటి మూడు నాలుగు రోజులు ఏడుపు పెరుగుతుంది. మూడోరోజు జాలిపడి ఇచ్చారో, ఇంకాస్త గట్టిగా ఏడిస్తే ఇస్తారని నేర్చుకుంటాడు. సంగటి ముద్దో, పప్పన్నమో తన చేత్తోనే తిననివ్వండి. 20 నిమిషాల్లో తినకపోతే కంచం తీసేయండి, మధ్యలో బిస్కెట్లు వద్దు. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లకు ముందే చెప్పి పెట్టండి.

ఆయన ఫోన్ వెతకడం ఇక మానేయండి.

నిద్రలేక డ్యూటీలు పోగొట్టుకుంటున్నా, బెట్టింగ్ ఆటల్లో డబ్బు పెడుతున్నా, లోన్ యాప్ అప్పులు బయటపడినా ఇంట్లో నియమాలు సరిపోవు. 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు. ఊళ్లోనే కావాలంటే రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి వెళ్లొచ్చు. ఇలాంటి సమస్యలకోసమే బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచి ‘షట్’ క్లినిక్ నడుస్తోంది.