నాన్న క్యాసెట్లు వినే ముందు

చి. అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. ఉత్తరం అంటే ‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెట్టడం నాకు అలవాటు. ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. తమ్ముడు పోయి ఏడు నెలలైంది. పొద్దున్నే ఫోన్ మోగితే ఇప్పటికీ వాడేనేమో అనుకుంటాను.

మొన్న నువ్వు చెప్పిన మాట నన్ను రెండు రోజులు కుదురుగా ఉండనివ్వలేదు. నాన్న నంబరుకి వాట్సాప్‌లో ఫొటో మారిపోయి, ఎవరో పిల్లాడి బొమ్మ కనిపించిందన్నావు. అందులో నీ తప్పేమీ లేదమ్మా. ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు వాడకపోతే కంపెనీ దాన్ని ఆపేయొచ్చు, తర్వాత ఇంకొకరికి ఇవ్వొచ్చు. చావు ఇంట్లో రీచార్జి సంగతి ఎవరికి గుర్తుంటుంది? పెద్దవాణ్ణి, నేనైనా గుర్తు చేయాల్సింది.

పోయినదాన్ని తేలేం. ఉన్నదాన్ని మాత్రం ఈ వారమే భద్రం చెయ్యి. ముందు నాన్న ఫోను. నంబరు వేరేవాళ్లకి వెళ్లింది కాబట్టి ఆ సెట్‌లో వాట్సాప్ తెరుచుకోకపోవచ్చు. దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయొద్దు, ఫోను రీసెట్ చేయొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు. కేబుల్ పెట్టి కంప్యూటర్‌కి కలిపితే వాట్సాప్ ఫోల్డర్‌లో ‘వాయిస్ నోట్స్’ అని ఉంటుంది. మొత్తం కాపీ చేసుకో. నీ ఫోన్‌లో ఉన్న ఆ ఫోల్డర్ కూడా తీసుకో. నీకు పంపినవి అందులోనే ఉంటాయి. నాన్న జీమెయిల్‌లోకి కూడా ఒకసారి వెళ్లు. రెండేళ్లు ఎవరూ తెరవని ఖాతాలను గూగుల్ తీసేయొచ్చు, వాటితోపాటు ఫొటోలూ పోతాయి.

ఇక క్యాసెట్ల సంగతి. అటక మీద ఇరవై రెండు ఉన్నాయి, అన్నీ రేడియో పాటలే, ఆ పాటలు యూట్యూబ్‌లో దొరుకుతాయి, అమ్మ పారేద్దామంటోంది అన్నావు. అమ్మడూ, ఒక్కటి కూడా పారేయొద్దు. నీకు తెలియని సంగతి ఒకటుంది. మీ నాన్న ఏది రికార్డు చేసినా ముందు తన గొంతుతో తేదీ, టైము, స్టేషను పేరు చెప్పేవాడు. ‘ఈ రోజు ఆదివారం, విజయవాడ కేంద్రం, పొద్దున్న భక్తిరంజని’ అని, నిజంగా అనౌన్సరులాగే. చదువుకునే రోజుల్లో వాడికి అదే సరదా. పాట అయిపోయాక మీట నొక్కడం ఆలస్యమైతే ఆ నాలుగు క్షణాల్లో ఇల్లంతా పడేది: నాయనమ్మ పిలుపు, కుక్కర్ కూత, నా దగ్గు. పాటలు ఎక్కడైనా దొరుకుతాయి. ఆ ముందూ వెనకా ఉన్నది ఇంకెక్కడా దొరకదు. అందుకే పాట ఏదని చూడకుండా ప్రతి క్యాసెట్‌నూ రెండు వైపులా మొదటి నుంచి చివరిదాకా కంప్యూటర్‌లోకి ఎక్కించు. ఖాళీగా అనిపించినా ఆపకు.

ముప్పై ఏళ్లు టేపు రికార్డర్లు బాగుచేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, పాత క్యాసెట్‌ని ఉన్నపళంగా ప్లేయర్‌లో పెట్టొద్దు. ముందు వెలుతురులో పట్టుకుని క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్టను చూడు. అంచున తెల్లటి పొడిలా, సాలెగూడులా కనిపిస్తే అది బూజు. గోదావరి గాలికి పట్టేస్తుంది. అలాంటిది నడిపితే బూజు ప్లేయర్‌లో టేపుని చదివే హెడ్‌కి అంటి, తర్వాత పెట్టిన మంచి క్యాసెట్‌ని కూడా పాడు చేస్తుంది. వాటిని విడిగా పెట్టు, నేను చూస్తాను. తర్వాత ముందు అంచు మధ్యలో చూడు. రాగి రేకు మీద చిన్న ఫెల్ట్ ముక్క అతికించి ఉంటుంది. టేపుని హెడ్‌కి ఆనించేది అదే. పాతబడితే జిగురు ఊడి రాలిపోతుంది, అప్పుడు శబ్దం ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంటుంది. అలా ఉంటే టేపు పోయిందని భయపడొద్దు. చుట్టను వేరే క్యాసెట్ డొప్పలోకి మార్చుకోవచ్చు. లోపల టేపు వదులైతే పెన్సిల్ పెట్టి మెల్లగా తిప్పి బిగించు. 120 నిమిషాల క్యాసెట్ ఏదైనా ఉంటే ముట్టుకోకు. ఆ టేపు మరీ పల్చన, ఇట్టే తెగుతుంది.

ఇంకొకటి మరీ ముఖ్యం. క్యాసెట్ వెనక అంచున రెండు చివర్లా చిన్న ప్లాస్టిక్ నాలుకలు ఉంటాయి. రెండూ విరిచెయ్యి. అవి లేకపోతే మళ్లీ దానిమీద రికార్డింగ్ పడదు. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 1986లో మీ నాయనమ్మ మంగళహారతి పాట ఒకటి మీ నాన్న రికార్డు చేశాడు. ఏడాది తిరగకుండా నేను చూసుకోక దాని మీద సినిమా పాటలు ఎక్కించాను. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. మా అమ్మ పోయాక ఒకసారి మాత్రం, ‘అన్నయ్యా, ఆ పాట నీకు గుర్తుందా’ అని అడిగాడు. నాకు రెండు లైన్లే గుర్తున్నాయి.

ప్లేయర్ మంచిది కావాలి. ఆన్‌లైన్‌లో అమ్మే చవక యూఎస్‌బీ ప్లేయర్లలో చాలావాటికి మోటారు నిలకడగా తిరగదు, గొంతు ఊగుతుంది. నా దగ్గర ఉన్న పాత క్యాసెట్ డెక్‌కి బెల్టులు మార్చి బస్సులో పంపుతాను. ప్రతి క్యాసెట్‌కీ ముందు హెడ్‌నీ రబ్బరు చక్రాన్నీ ఇయర్ బడ్‌తో తుడువు. మొబైల్ రిపేరు షాపుల్లో ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) అని వాడతారే, అది కొంచెం తీసుకో, చాలు. డెక్ నుంచి కేబుల్ కంప్యూటర్‌కి పెట్టి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చెయ్యి. అది ఉచితమే. శబ్దం ముల్లు ఎర్రగీతను తాకకుండా చూసుకో. ఫైలు వేవ్ (.wav) రకంలోనే దాచు. నిమిషానికి సుమారు 10 ఎంబీ పడుతుంది, 90 నిమిషాల క్యాసెట్‌కి 900. ఇరవై రెండూ కలిపినా 20 జీబీ దాటదు. మూడు చోట్ల పెట్టుకో, అందులో ఒకటి మా ఇంట్లో ఉండాలి.

గరగర తీసేసే మీట ఒకటుంది ఆడాసిటీలో. మూల ఫైలు మీద వాడొద్దు. గరగరతో పాటు వెనక తిరిగే ఫ్యానూ పోతుంది. ఆ ఫ్యాన్ చప్పుడు మా పాత ఇంటిదమ్మా.

వారానికి ఒకటే చెయ్యి. 45 నిమిషాల వైపు 45 నిమిషాలు నడవాల్సిందే, తొందరపెట్టలేం. ఆఫీసు నుంచి వచ్చి ఫోన్ పట్టుకుని పడుకుంటున్నానని, బొమ్మలు వేయడం మానేశానని అన్నావు. క్యాసెట్ నడిచేటప్పుడు పక్కన కూర్చోవాలి గానీ చేతులకి పనుండదు. పుస్తకం, పెన్సిల్ పెట్టుకో. వేయాలనిపిస్తే వెయ్యి. గొంతు వినడం కష్టమైతే స్పీకర్ తగ్గించేసి ముల్లు మాత్రం చూడు. రికార్డు అయితే చాలు, వినడం నీ వీలునిబట్టి. మీ నాయనమ్మ ఫొటో నేను గోడకి పెట్టింది ఏడాది తర్వాతే. ఏడుపొస్తే ఆపుకోకు. వారానికి ఒకటి చొప్పున చేస్తే సంవత్సరీకం నాటికి పూర్తవుతాయి.

నాన్న గొంతుతో మనం అడిగిందల్లా మాట్లాడించే ఏఐ వచ్చిందని, చేయిద్దామా అని అడిగావు. నిర్ణయం నీదీ అమ్మదీ. నన్నడిగితే వద్దంటాను. అది మాట్లాడేవి వాడు ఎప్పుడూ అనని మాటలు. కొన్నాళ్లకి ఏది నాన్న అన్నదో, ఏది యంత్రం అన్నదో నీకే కలిసిపోతుందేమోనని నా భయం. వాడు నిజంగా అన్న మాటలు ఇరవై రెండు క్యాసెట్లలో ఇంకా ఎవరూ వినకుండా ఉన్నాయి కదా.

వాటిలో ఒకదాని మీద పేరు ఉండదు, నీలం సిరాతో చుక్క మాత్రం ఉంటుంది. అది 1984లో నేనూ వాడూ మేడ మీద పడుకుని ఒక రాత్రంతా మాట్లాడుకున్నది. ఏం మాట్లాడుకున్నామో నాకు గుర్తు లేదు. దాన్ని చివరికి ఉంచు. సంవత్సరీకానికి ఎలాగూ వస్తాను, ఇద్దరం కలిసి ఎక్కిద్దాం.

అమ్మని అడిగానని చెప్పు. డెక్ శనివారం బస్సులో పెడతాను, ఆదివారం పొద్దున్న తీసుకో.

మీ పెదనాన్న