చంటిపిల్లల దుడుకుతనం: అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

బాబు పక్కింటి పాపను తోసేస్తున్నాడనీ, మొన్న ఆ పాప భుజం మీద పళ్ల గాట్లు పడేలా కొరికాడనీ, పెద్దయ్యాక కూడా ఇలాగే ఉంటాడేమోనని నీకు బెంగగా ఉందనీ రాశావు. రెండేళ్ల పిల్లవాడు కొట్టినా, కొరికినా, జుట్టు పట్టి లాగినా అది చెడ్డబుద్ధి కాదమ్మా. కావలసినది అడగడానికి మాటలు ఇంకా రాలేదు, చేతిలో బలం మాత్రం వచ్చేసింది. కెనడాలో రిచర్డ్ ట్రెంబ్లే అనే పరిశోధకుడు పిల్లలను ఏళ్ల తరబడి గమనించి, చేయి చేసుకునే అలవాటు రెండు మూడేళ్ల వయసులోనే అత్యధికంగా ఉండి, ఆ తరువాత చాలామందిలో క్రమంగా తగ్గుతుందని తేల్చాడు. ఆ తగ్గడంలో ఇంట్లో పెద్దల పాత్ర చాలా ఉంది.

అందుకే ముందుగా ఇంట్లో పెద్దవాళ్ల సంగతి రాస్తున్నాను. పిల్లవాడు కాలు జారి పడగానే "నేల కొట్టిందా నాన్నా, ఉండు, దాన్ని కొట్టేద్దాం" అని మనమే నేలను చరుస్తాం. "తాతను ఒక్కటి వెయ్యి" అని చెయ్యి పట్టి కొట్టించి, అందరం పగలబడి నవ్వుతాం. పొద్దున నవ్వు తెప్పించిన ఆ దెబ్బకే సాయంత్రం తిట్లు ఎందుకు పడుతున్నాయో వాడికి ఎలా అర్థమవుతుంది? నొప్పి తెలిసిరావాలని తిరిగి కొరకమనీ, చేతిమీద వాత పెట్టమనీ సలహా ఇచ్చేవాళ్లు కూడా ఉంటారు. ఆ పని ఎన్నడూ చేయవద్దు. బలమున్నవాడు కొట్టవచ్చన్న సంగతి తప్ప వాడు దానివల్ల నేర్చుకునేది ఏమీ ఉండదు. మీ అత్తగారికి, మామగారికి ఈ విషయం అల్లుడిగారి చేత నెమ్మదిగా చెప్పించు.

పాప వచ్చినప్పుడు గదిలో మరో మూల కూర్చోకుండా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చో. కొరకబోయే ముందు వాడి ముఖం బిగుసుకుంటుంది, ఎదుటివారి గౌను గట్టిగా పట్టుకుంటాడు, నోరు ముందుకు వస్తుంది. ఆ క్షణంలోనే నీ అరచెయ్యి మధ్యలో పెట్టి, అరవకుండా, "కొరకకూడదు, నొప్పి పుడుతుంది" అని మాత్రం చెప్పు. అంతకంటే పొడవైన ఉపన్యాసం ఆ వయసు తలకెక్కదు. అప్పటికే కొరికేసి ఉంటే, ముందు పాపను ఒళ్లోకి తీసుకుని ఓదార్చు, ఆ తరువాతే వాడివైపు తిరిగి, "బండి కావాలా? 'ఇవ్వు' అని అడుగు" అని మాట అందించు. బలవంతంగా సారీ చెప్పించడంవల్ల ప్రయోజనం లేదని నా అభిప్రాయం. వాడికి ప్రాణమైన బొమ్మను పాప రాకముందే బీరువాలో దాచిపెట్టడం అంతకంటే మేలు.

దుడుకు ఆట మొత్తాన్నీ మాన్పించాలని మాత్రం అనుకోకు. నాన్న వీపు మీద సవారీ, పరుపు మీద కుస్తీ పిల్లల ఒంటికీ మనసుకూ మంచివే. ఇద్దరి ముఖాల్లోనూ నవ్వు ఉండి, కిందపడిన పిల్ల మళ్లీ తనంతట తానే ఆటకు వస్తుంటే అది ఆట. ఒకరి ముఖం బిగిసిపోయి, తప్పించుకుని పారిపోవాలని చూస్తుంటే వెంటనే విడదీయాలి. ఆటలో పిల్లవాడిని రెండు చేతులూ పట్టుకుని గాలిలో తిప్పవద్దని అల్లుడిగారికి గట్టిగా చెప్పు. ఆ వయసులో మోచేతి కీలు సులువుగా పక్కకు జారుతుంది. ఎంత కోపం వచ్చినా పిల్లవాడిని పట్టుకుని కుదపకూడదు, మెదడుకే ప్రమాదం.

ఇవన్నీ ఏ వేళలో జరుగుతున్నాయో కూడా చూడు. భోజనానికి ముందు ఆకలివేళ, మధ్యాహ్నం నిద్ర తప్పిన రోజు సాయంత్రం గొడవలు ఎక్కువవుతాయి. ఈ వయసులో పగటి నిద్రతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. రెండేళ్ల ప్రాంతంలో వెనక దవడ పళ్లు వస్తూ చిగుళ్లు సలుపుతాయి కనుక, చల్లని తడిగుడ్డ నమలడానికి ఇచ్చి చూడు. సాయంత్రం ఒక గంట పార్కులోనో మేడమీదో నీ కళ్లెదుటే పరుగెత్తనివ్వు. చపాతీ పిండి ముద్ద ఇచ్చి గుద్దమను.

కొరికినచోట చర్మం తెగితే సబ్బుతో, ధారగా పారే నీళ్లతో బాగా కడిగి, డాక్టరుకు చూపించాలి. రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి అనకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, మూడేళ్లు దాటాక కూడా తరచుగా కొరుకుతున్నా పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లి, వినికిడి పరీక్ష కూడా చేయించు. వెళ్లేముందు ఒక వారంపాటు ఎప్పుడు, ఎవరిని, ఏం జరిగిన తరువాత కొరికాడో ఒక కాగితం మీద రాసి పెట్టుకో. డాక్టరుకు అది ఎంతో ఉపయోగపడుతుంది, నాకూ ఒక నకలు పంపు.

ఇట్లు,
మీ పెద్దమ్మ