నాయనమ్మ దాచిన కార్డు

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

మీరు పంపిన ‘సామ్రాజ్యం’ కథను మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. మూడోసారి పదకొండో పేజీలో ఆగిపోయాను. అక్కడ కుర్రవాడి నాయనమ్మ, ఉక్కు ఫ్యాక్టరీ కోసం భూమి పోయిన నిర్వాసితులకిచ్చిన తన ఆర్ కార్డును ప్లాస్టిక్ సంచిలో చుట్టి బియ్యం డబ్బా అడుగున దాస్తుంది. ఆ వాక్యం లేకపోతే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

ముందు కోపం సంగతి. మీ కథలోని పారిశ్రామికవేత్త బీచ్ రోడ్డు మేడమీద అద్దాల గదిలో నిలబడి, చేతిలో మద్యం గ్లాసుతో, కింద కనిపించే జాలారిపేటను చూసి నవ్వుతాడు. ఈ సముద్రం కూడా తనదే అంటాడు. నేను ముప్పయ్యేళ్లు భూసేకరణ కాగితాల మధ్య గుమాస్తాగా బతికాను. అలా నవ్విన యజమానిని ఒక్కణ్ణీ చూడలేదు. ఆ మాటకొస్తే యజమానినే చూడలేదు. ఆయన ఊళ్లోకి రాడు. ఆయన కోరిక మాత్రం సర్వే నెంబర్ల వరుసగా, ‘ప్రజాప్రయోజనం కోసం’ అనే మాటతో మొదలై, తాసీల్దారు కచేరీ గోడ మీదికి వస్తుంది. 1894 నాటి భూసేకరణ చట్టంలో నాలుగో సెక్షన్ కింద ప్రకటన వెలువడిన నాడే ఆ ఊరి తలరాత మారిపోయేది. అత్యవసరమని పదిహేడో సెక్షన్ జోడిస్తే రైతు అభ్యంతరం వినే విచారణ కూడా అక్కర్లేకపోయేది. కథ రాయదలచినవాడు చూడవలసింది ఆ గోడను, ఆ కాగితాన్ని, దాని ముందు నిలబడి పక్కవాడి చేత చదివించుకుంటున్న మనిషిని. నా పట్టుదల ఇదొక్కటే, దీనికోసం ఎవరితోనైనా వాదిస్తాను.

ఆ కాగితాలు నేనూ రాశాను. నష్టపరిహారం తేల్చే అవార్డు పాసయ్యే ముందు బావులకు, ఇళ్లకు, చెట్లకు విలువ కట్టే జాబితాలు నా చేతిరాతలోనే ఉండేవి: తాటిచెట్లు ఇన్ని, కొబ్బరి ఇన్ని, పశువుల శాల ఒకటి. ఒక రోజు ఒక ముసలామె నా బల్ల దగ్గరికి వచ్చి, “బాబూ, నా జీడిసెట్టు కాయితంలో లేదేటి?” అని అడిగింది. అది గెడ్డ పోరంబోకులో, అంటే వాగు పక్క సర్కారు భూమిలో ఉందనీ, లెక్కలోకి రాదనీ చెప్పాను. “మా మావ నాటిన సెట్టు పోరంబోకెలాగవుద్ది?” అంది. నేను జవాబివ్వకుండా వరుసలో తరువాతి పేరు పిలిచాను. అప్పుడు నేను తలెత్తి ఆమె ముఖమైనా చూడవలసింది, చూడలేదు. ఆ తప్పు నాదే, దాన్ని ఏ యజమాని మీదికీ నెట్టలేను.

నాలుగేళ్లకు దాన్నే కథగా రాసి ఒక వారపత్రికకు పంపాను. సంపాదకుడు జాబితా ఉన్న రెండు పేజీలూ కొట్టేసి, చివర ఆ ముసలామె చేత ఫ్యాక్టరీ గేటు ముందు దుమ్మెత్తి పోయించి శాపం పెట్టించాడు. పాఠకుల ఉత్తరాలన్నీ ఆ శాపాన్నే మెచ్చుకున్నాయి. నా పేరు కింద నేను రాయని మాట అచ్చయి ఉంది. ఆయనను ఇప్పటికీ క్షమించలేదు. అప్పుడు శాపాలు, ఆ తరువాత చివరి పేరాలో పైకి లేచిన పిడికిళ్లు, ఇప్పుడేమో ధనవంతుడి బాల్యంలో ఏదో గాయం వెతికి అతని మనసు చీకటిని వర్ణించడం. ఈ మూడు పద్ధతులలోనూ ఊరు వెనక్కి జరిగిపోతుంది. మీ కథలో మూడూ ఉన్నాయి.

పైగా ధనవంతుని ఆశ ఒక రంగులో ఉండదు. మీరు రోజూ ‘సింధియా’ అని అరిచే బస్సు ఎక్కుతుంటారు కదా, ఆ పేరు ఎక్కడిది? బ్రిటిషు ఓడల కంపెనీలను ఎదుర్కొని నిలవాలనుకున్న వాల్‌చంద్ హీరాచంద్ ఇక్కడ సింధియా కంపెనీ తరఫున ఓడల కర్మాగారం తలపెట్టాడు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1948 మార్చిలో ‘జల ఉష’ను నెహ్రూ నీళ్లలోకి దింపారు. 1952లో ప్రభుత్వం అందులోకి వచ్చింది, 1961 నాటికి అంతా ప్రభుత్వానిదే అయింది. కంపెనీ పోయినా పేరు మాత్రం కూడలికి మిగిలింది. ఆ మనిషి ఆశలో లాభమూ ఉంది, దేశమూ ఉంది. ఆ కర్మాగారంలో కూలి దొరికి పిల్లలను చదివించుకున్న ఇళ్లు మల్కాపురం చుట్టూ ఎన్నో ఉన్నాయి. మీ కథలో ఊరివాళ్లెవరూ ఉద్యోగం కోరుకోరు. ఇది అబద్ధం. భూమి పోతుందని ఏడ్చిన ఇంట్లోనే కొడుక్కి గేటు లోపల పని దొరుకుతుందన్న ఆశ కూడా ఉంటుంది. ఆ రెండూ ఒకే అరుగు మీద కూర్చుని పోట్లాడుకుంటాయి. 2013 భూసేకరణ చట్టం వచ్చాక ప్రైవేటు కంపెనీ కోసం భూమి సేకరించాలంటే నూటికి ఎనభై బాధిత కుటుంబాలు ఒప్పుకోవాలి. మరి ఆ సంతకాల కోసం ఇల్లిల్లూ తిరిగేది ఎవరు? మేనమామో, పాత సర్పంచో, చిన్ననాటి స్నేహితుడో. ఊరు చీలేది అక్కడ. మీ కథలో అతను లేడు.

ఆర్.ఆర్. వెంకటాపురం మీరు చూసే ఉంటారు. 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా మొదలైన అక్కడి ప్లాస్టిక్ ముడిసరుకు ఫ్యాక్టరీ 1978లో యూబీ గ్రూపు చేతికి, 1997లో కొరియాకు చెందిన ఎల్‌జీ చేతికి వెళ్లింది. యజమానులు మారిన ప్రతిసారీ సంతకాలు ఎక్కడో జరిగాయి. గోడ పక్కన ఊరు అక్కడే ఉండి పెరిగింది. 2020 మే 7న తెల్లవారుజామున దాని ట్యాంకులోంచి స్టైరీన్ అనే రసాయనం విషపు ఆవిరి బయటికి వచ్చినప్పుడు పన్నెండుమంది పోయారు. నిద్రలోంచి లేచి పరుగెత్తి దారిలోనే పడిపోయినవాళ్లకు, ఆ ట్యాంకు ఎవరి లాభనష్టాల పట్టికలో ఉందో ఎవరూ ఏనాడూ చెప్పలేదు. ఇక్కడ నవ్వే ప్రతినాయకుణ్ణి ఎక్కడ నిలబెడతారు? నిలబెట్టలేరు. అందుకే ఇది రాయడం కష్టం, కష్టం కనుకనే రాయాలి.

ఇక మీ నాయనమ్మ దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఆ పేజీ మీరు ఊహించి రాసింది కాదని నాకు తెలుస్తోంది. 1966 ఉద్యమంలో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అంటూ ముప్పై రెండుమంది ప్రాణాలిచ్చారు. ఆ ప్లాంటు కోసం అరవై నాలుగు ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఇంటికో ఉద్యోగం అన్న ఆశతో నిర్వాసితుల కుటుంబాలు ఆ కార్డు పట్టుకుని ఎదురుచూశాయి. ఉద్యోగం రానివాళ్లు వయసు మీరి కార్డును కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి అందించుకున్నారు. అది ప్రభుత్వ కర్మాగారం, ఏ ఒక్క షావుకారుకూ ఇచ్చిన భూమి కాదు. 2021 జనవరిలో దాన్ని నూటికి నూరుపాళ్లూ అమ్మడానికి కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పుడు, మీ నాయనమ్మ లాంటివాళ్లు అడిగిన ప్రశ్న ఒకటే: మేము సర్కారుకిచ్చిన భూమి ఇంకొకరికి ఎలా ఇస్తారు? ముసలామె జీడిచెట్టు ప్రశ్న మళ్లీ వినిపించింది నాకు.

కాగితం పేదవాడి చేతిలోనూ పనిచేస్తుంది, అది కూడా మరవకండి. బొర్రా వైపు అనంతగిరి కొండలలో గనుల లీజుల మీద సమత అనే సంస్థ, గిరిజనుల భూమిని కాపాడే 1/70 చట్టాన్ని పట్టుకుని సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. షెడ్యూల్డు ప్రాంతంలోని భూమిని గిరిజనేతరులకూ ప్రైవేటు కంపెనీలకూ లీజుకివ్వడం చెల్లదని 1997 జూలై 11న తీర్పు వచ్చింది. బడా కంపెనీల లీజులను ఆపింది ఆ ఒక్క నిబంధన. ఏ పత్రిక కథాసంచికలోనైనా ఆ కొండవాళ్లు న్యాయవాది ముందు కూర్చుని సెక్షన్లు విన్న దృశ్యం మీరు చదివారా? నేను చదవలేదు.

ఏ పోటీకి పంపాలని అడిగారు. ముందు మొదటి పది పేజీలూ తీసేయండి, అద్దాల గదితో సహా. పదకొండో పేజీతో మొదలుపెట్టండి. ఆ కార్డు మీద ఎవరి పేరుంది, ఏ ఊరు, ఎన్ని ఎకరాలు, ఏ సంవత్సరం, వేలిముద్రా సంతకమా, అన్నీ నాయనమ్మను అడిగి రాసుకోండి. ఆమె పాత ఊళ్లో ఏ చెట్టు లెక్కలోకి రాలేదో తప్పకుండా అడగండి.

సాయంత్రాలు నేను ఇంట్లోనే ఉంటాను, రండి. అసలు కార్డు మాత్రం తీసుకురావద్దు, దారిలో పోతే మళ్లీ ఇచ్చేవాళ్లు లేరు. జెరాక్సు తీయించి తెండి, అసలును మళ్లీ బియ్యం డబ్బాలోనే పెట్టించండి.