తపాలా బిళ్ళలు సేకరిస్తే పిల్లలకు చరిత్ర వంటబడుతుందా?

ఎనిమిదో తరగతి చదువుతున్న మీ అమ్మాయికి స్టాంపుల సేకరణ అలవాటు చేస్తే చరిత్ర మీద ఆసక్తి కలుగుతుందా, కలిగేటట్లయితే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. చిన్నతనం నుంచి స్టాంపులు కూడబెడుతున్నాను, వాటిని తరగతి గదిలోకి కూడా తీసుకువెళ్ళేవాడిని. నా అనుభవంలో బొమ్మలను దేశాలవారీగా ఆల్బమ్‌లో అతికించుకుంటూ పోయినంత మాత్రాన చరిత్ర రాదు. ఆ మనిషి ఎప్పటివాడు, ఆ సంఘటన ఎప్పుడు జరిగింది అన్న ప్రశ్నతో పాటు, ప్రభుత్వం ఆ స్టాంపును ఏ సంవత్సరంలో, ఏ సందర్భంలో విడుదల చేసింది అన్న రెండో ప్రశ్న కూడా వేసుకోవాలి. అసలు సంగతి చాలావరకు ఆ రెండో ప్రశ్నలోనే ఉంటుంది.

నేను పిల్లలకు మొదట చూపించే జత ఒకటి ఉండేది. స్వతంత్ర భారతదేశపు తొలి స్టాంపు 1947 నవంబర్ 21న వెలువడింది. మూడున్నర అణాల ఆ స్టాంపు మీద ఎగురుతున్న జాతీయ పతాకం, ‘జై హింద్’ అన్న నినాదం కనిపిస్తాయి. జతలో రెండోది 2009లో విడుదలైన పింగళి వెంకయ్యగారి స్టాంపు. 1921లో బెజవాడలో కాంగ్రెసు నాయకులు సమావేశమైనప్పుడు గాంధీజీకి జెండా నమూనాను అందించింది ఆయనేనని మన పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆ తరువాత రంగులు మారాయి, 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన పతాకంలో రాట్నం స్థానంలోకి అశోక చక్రం వచ్చింది. వెంకయ్యగారు 1963లో కన్నుమూశారు. జెండాకు నాలుగు నెలల్లో దక్కిన గౌరవం దాని రూపకర్తకు అరవై ఏళ్ళు దాటితే గాని ఎందుకు దక్కలేదని ప్రతి ఏడాదీ ఎవరో ఒక విద్యార్థి అడిగేవాడు, ఆ గంటంతా దాని మీదే గడిచిపోయేది. కొత్తగా ఏర్పడిన దేశం తన గుర్తులను లోకానికి చాటుకోవలసిన అవసరం 1947 నాటిది, ఆ గుర్తుల వెనుక ఉన్న ఒక్కొక్క మనిషినీ వెదికి పట్టుకోవాలన్న కోరిక చాలా ఆలస్యంగా, ఎక్కువగా ప్రాంతాల నుంచి పుట్టింది అని నేను సమాధానం చెప్పేవాడిని. ఇప్పటికీ నా అభిప్రాయం అదే.

ఇదే దృష్టితో 1857 శతాబ్ది స్టాంపులను చూడండి. ఝాన్సీ లక్ష్మీబాయి గుర్రం మీద కనిపించే స్టాంపు 1957 ఆగస్టు 15న వచ్చింది. తిరుగుబాటు మొదలైంది మే నెలలో కాబట్టి శతాబ్దిని మే నెలలోనే జరుపుకోవచ్చు. స్వాతంత్ర్య దినాన్ని ఎంచుకోవడంలోనే ఆ ఘట్టాన్ని స్వాతంత్ర్య పోరాటంలో భాగంగా గుర్తిస్తున్నామన్న ప్రకటన ఉంది. దానిని సిపాయిల తిరుగుబాటు అనాలా, స్వాతంత్ర్య సమరం అనాలా అని చరిత్రకారులు వాదించుకుంటున్న రోజుల్లో తపాలా శాఖ తన పక్షమేదో తేదీతోనే చెప్పేసింది.

గాంధీజీ స్టాంపుల కథ ఇంకొక రకమైనది. ఆయన జీవించి ఉండగానే, 1948 జనవరిలో, మొదటి స్వాతంత్ర్య వార్షికోత్సవం కోసం వాటిని తలపెట్టారు. ఆ నెలాఖరుకే హత్య జరగడంతో, ఆగస్టు 15న నాలుగు స్టాంపులూ సంస్మరణ స్టాంపులుగా వెలువడ్డాయి. ‘బాపూ’ అన్న పిలుపు వాటి మీద హిందీలోనూ ఉర్దూలోనూ ఉంటుంది. స్వదేశీ కోసం జీవితమంతా పోరాడిన మనిషి బొమ్మను స్విట్జర్లాండులోని కూర్వాజియే ముద్రణాలయంలో అచ్చు వేయించడం నాకు ఎప్పుడూ కొంచెం చివుక్కుమనిపిస్తుంది గాని, ఆ ముద్రణ అందాన్ని కాదనలేను. వాటిలో ఒకటిన్నర అణా బిళ్ళ మా తాతగారి ఉత్తరాల కట్టలో కవరుతో సహా దొరికింది. పది రూపాయల బిళ్ళ మాత్రం నా దగ్గర లేదు. దానికి నకిలీలు విస్తారంగా ఉన్నాయి కనుక అసలైనదేనన్న ధ్రువపత్రం లేనిదే మీరు కూడా కొనవద్దు.

తెలుగువారి విషయానికి వస్తే, ప్రకాశం పంతులుగారికి 1972లో శతజయంతి సందర్భంగా, వీరేశలింగంగారికి 1974లో, గురజాడకు 1976లో స్టాంపులు వచ్చాయి. 1924లో నేలకొరిగిన అల్లూరి సీతారామరాజుకు 1986లో, 1952లో ప్రాణత్యాగం చేసిన పొట్టి శ్రీరాములుకు 2000లో గాని రాలేదు. నాయకులకూ సంఘ సంస్కర్తలకూ కవులకూ ముందుగా, ఆయుధం పట్టినవారికీ ప్రభుత్వాన్ని నిలదీసినవారికీ తరువాత అన్నట్లు కనిపించే ఈ వరుస యాదృచ్ఛికమే కావచ్చు, ఎందుకంటే స్టాంపు కావాలని ఎవరు ప్రతిపాదించారు, తపాలా శాఖ సలహా సంఘం ఎప్పుడు ఒప్పుకుంది అన్న మామూలు వ్యవహారాల మీద కూడా అది ఆధారపడుతుంది. అయినా మీ అమ్మాయి చేత ఈ పట్టిక తయారు చేయించి, కారణాలు ఊహించమనండి. సాధారణంగా జీవించి ఉన్నవారికి స్టాంపు వేయరు, కానీ 1958లో స్త్రీ విద్య కోసం కృషి చేసిన ధోండో కేశవ కర్వేగారికి, 1960లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారికి ఆ నియమాన్ని సడలించారు. 1908 మూసీ వరదల తరువాత హైదరాబాదు రక్షణకు ప్రణాళిక వేసిన ఆ ఇంజనీరు తన పుట్టినరోజున తన స్టాంపును తానే చూసుకున్నారు.

హైదరాబాదు సంస్థానానికి సొంత స్టాంపులు ఉండేవన్న సంగతి చాలామంది పిల్లలకు తెలియదు. ఏడవ నిజాం రజతోత్సవానికి 1937లో వేసిన నాలుగింటి మీద ఆయన బొమ్మ లేదు. యునానీ ఆసుపత్రి, ఉస్మానియా ఆసుపత్రి, ఉస్మానియా విశ్వవిద్యాలయం, జూబిలీ హాలు మాత్రమే ఉన్నాయి. తనను తాను కట్టడాల ద్వారా చూపించుకోవాలని ఒక పాలకుడు ఎందుకు అనుకుంటాడో ఆ భవనాలను చూపిస్తూ మాట్లాడవచ్చు, నాలుగూ నగరంలోనే ఉన్నాయి.

ఇక మొదలుపెట్టడం గురించి. దుకాణాల్లో వందల లెక్కన అమ్మే విదేశీ స్టాంపుల పొట్లాలు కొనకండి, వాటిలో చాలా భాగం ఉత్తరం ముఖం చూడకుండానే సేకర్తల కోసం తపాలా ముద్ర వేసినవి. హైదరాబాదు ఆబిడ్స్‌లోని జనరల్ పోస్టాఫీసులో ఉన్న ఫిలాటెలిక్ బ్యూరోలో, అంటే సేకర్తల కోసం స్టాంపులు అమ్మే విభాగంలో, కొత్త స్టాంపులు ముఖవిలువకే దొరుకుతాయి. స్టాంపుతో పాటు దాని సమాచార పత్రాన్ని కూడా తప్పక అడిగి తీసుకోండి, విడుదల తేదీ, సందర్భం అందులో ఉంటాయి. ఇంట్లో పాత ఉత్తరాలు ఉంటే స్టాంపును నీళ్ళలో నానబెట్టి ఊడదీయకుండా కవరుతో సహా ఉంచండి, ఊరు పేరు, తేదీ ఉన్న తపాలా ముద్ర సగం కవరు మీదే పడి ఉంటుంది. 1980ల నాటి వాడిన స్టాంపులు ఇప్పటికీ చాలా చౌక, కాబట్టి తొలి ఏడాదిలో ఎక్కువ డబ్బు పెట్టవలసిన పని లేదు.