పర్లాకిమిడిలో ప్లస్ టూ అయింది, డిగ్రీ ఇక్కడా, శ్రీకాకుళంలోనా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. అమ్మాయి ప్లస్ టూ సైన్స్ 68 శాతంతో పాసైంది, కెమిస్ట్రీ చదువుతానంటోంది. నేను పుట్టి పెరిగింది సరిహద్దు అవతల, ఆంధ్రాలోని పాతపట్నంలో. మా అన్నయ్య శ్రీకాకుళంలో చేర్చేయమంటున్నాడు. ఇక్కడ శామ్స్ (ఒడిశా ప్రభుత్వ ఆన్‌లైన్ అడ్మిషన్) ఫారం నింపడం అవసరమా? బాబు పది పాసయ్యాడు, వాణ్ణి ఇంటర్‌కి విశాఖ పంపాలనుకుంటున్నాం.

జవాబు: అమ్మా, ముందు శామ్స్ ఫారం నింపేయండి, శ్రీకాకుళం సంగతి తర్వాత చూద్దాం. మనవాళ్లు భాష చూసుకుని అటు మొగ్గుతారు, అది సహజమే, కానీ సీటిచ్చేవాళ్లు ఇంట్లో ఏం మాట్లాడతారని అడగరు, పిల్ల ఎక్కడ చదివింది అని అడుగుతారు. ఆంధ్రాలో రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులకే. పాతపట్నం మీకు కూతవేటు దూరమే అయినా, అమ్మాయి చదువంతా ఒడిశాలో సాగింది కాబట్టి ఆ లెక్కలో తను బయటిదే. మిగిలిన 15 శాతంలో మాత్రం మీకో దారి ఉంది, సరిహద్దు ఊళ్లలో చాలామందికి ఇది తెలీదు: తల్లిదండ్రుల్లో ఒకరు ఆంధ్రాలో మొత్తం మీద పదేళ్లు నివసించి ఉంటే పిల్లలు ఆ సీట్లకు పోటీ పడొచ్చు. మీరు పెరిగింది పాతపట్నంలోనే కదా, అక్కడి తహసీల్దారు ఆఫీసులో మీ పేరు మీద నివాస ధ్రువపత్రం కోసం అర్జీ పెట్టండి. సీటొచ్చినా ఆ రాష్ట్రం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ మీకు రాదు, ఇక్కడి కులం సర్టిఫికెట్‌తో అక్కడ రిజర్వేషనూ రాదు, పైగా హాస్టల్ ఖర్చు. ఇవన్నీ కలిపి లెక్కేసుకున్నాకే మీ అన్నయ్యగారికి మాటివ్వండి.

ఇక శామ్స్. ఫారం ఒక్కటే, అందులో కాలేజీ, ఆనర్స్ సబ్జెక్టు కలిపి ఒక్కో ఆప్షన్‌గా వరసలో పెట్టాలి, ఆ వరస ప్రకారమే సీటు వస్తుంది. అసలు పొరపాట్లు జరిగేది నెట్ సెంటర్‌లో. అక్కడి కుర్రాడు వెనక క్యూ చూసి తనకి గుర్తున్న కాలేజీలన్నీ చకచకా కొట్టేస్తాడు, ఓటీపీ కోసం తన నంబరే ఇచ్చేస్తాడు, సీటొచ్చిందన్న మెసేజ్ అతని ఫోన్‌కి పోతుంది, మీకు తెలిసేసరికి చేరే గడువు దాటిపోతుంది. మీ నంబరే ఇవ్వండి. ఆప్షన్లు ఇంట్లో కాగితం మీద రాసుకుని వెళ్లండి, సబ్మిట్ చేసే ముందు అమ్మాయి స్క్రీన్ మీద ఒక్కో వరసా వేలు పెట్టి చదవాలి.

వరస గురించి నా అభిప్రాయం: మొదట మీ ఊరి ఎస్.కె.సి.జి. కాలేజీలో కెమిస్ట్రీ. 1896 నాటి కాలేజీ, అటానమస్ (సిలబస్, పరీక్షలు తనే చూసుకునేది), ఇంటి నుంచే వెళ్లిరావచ్చు. రెండో ఆప్షన్‌గా చాలామంది అదే కాలేజీలో బోటనీ పెడతారు, పిల్ల ఊళ్లోనే ఉంటుందని. నేనైతే బరంపురంలో కెమిస్ట్రీని బోటనీ కంటే పైన పెడతాను, ఎందుకంటే రేపు ఎమ్మెస్సీకి వెళ్లినా, ల్యాబ్ ఉద్యోగం చూసుకున్నా ఆనర్స్ సబ్జెక్టే అడుగుతారు, కాలేజీ మీ వీధిలో ఉందా లేదా అన్నది ఎవరికీ పట్టదు. ఆడపిల్లను దూరం పంపడమా అన్న టెన్షన్ మీకుంటే అది తనతో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం, ఆప్షన్ల వరసలో గుట్టుగా తేల్చేయకండి. మొదటి లిస్టులో కింది ఆప్షన్ వస్తే చేరిపోయి స్లైడ్-అప్ (తర్వాతి లిస్టులో పై ఆప్షన్‌కి మారే అవకాశం) పెట్టుకోవచ్చు, కాకపోతే పై సీటు వచ్చాక కింది సీటు పోతుంది.

పేరు కూడా చూసుకోండి. మనకి ఇంటిపేరు ముందు, ఒక్క అక్షరంతో రాసే అలవాటు. పది సర్టిఫికెట్‌లో అలా ఉండి, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా చివర ఉంటే వెరిఫికేషన్‌లో ఆపేస్తారు. ఆధారే సర్టిఫికెట్‌కి తగ్గట్టు మార్పించండి. అటువైపు చేర్చాలనే అనుకుంటే కాలేజీ వదిలినట్టు ఇచ్చే సీఎల్‌సీతో పాటు మైగ్రేషన్ సర్టిఫికెట్‌కి ఇప్పుడే అప్లై చేయండి, అది వెంటనే చేతికి రాదు.

బాబు విషయంలో మాత్రం తొందరపడొద్దు. వాడు ఇంజినీరింగ్ వైపు వెళ్తాడనుకుందాం. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకి, సొంత రాష్ట్రం అంటే పన్నెండో తరగతి పాసైన రాష్ట్రం. ఇక్కడ ప్లస్ టూ చదివితే రూర్కెలాలో ఆ కోటా వస్తుంది, విశాఖలో ఇంటర్ చదివితే అది పోయి తాడేపల్లిగూడెంలో వస్తుంది. పోనీ అక్కడ చదివితే ఆంధ్రా ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో స్థానికుడవుతాడా అంటే అదీ లేదు, దానికి వరసగా నాలుగేళ్లు అక్కడ చదివి ఉండాలి, ఇంటర్ రెండేళ్లే కదా. మీరు రాసినదాంట్లో విశాఖ అన్న మాట ఉంది గానీ వాడికేం చదవాలనుందో లేదు. అది కనుక్కుని, పదిలో లెక్కల మార్కులతో పాటు మళ్లీ రాయండి, అప్పుడు చెబుతాను.